శేఖాడీ ఒడ్డున దిగిన సరుకు

చీకట్లో సముద్రం కనిపించదు, హోరు మాత్రం వినిపిస్తుంది. బొంబాయికి దక్షిణంగా, కొంకణ తీరంలో ఒక పల్లె ఒడ్డున నిలబడి ఉన్నారు మీరు. 1980ల మొదటి రోజులు. వెనక కొబ్బరిచెట్ల మధ్య ఒక లారీ లైట్లు ఆర్పేసుకుని ఉంది. డ్రైవరు బీడీ కూడా వెలిగించడం లేదు. దూరంగా నీళ్ళ మీద టార్చిలైటు రెండుసార్లు వెలిగి ఆరింది. ఒడ్డు మీంచి ఇంకో టార్చి జవాబు చెప్పింది. కాసేపటికి చేపలపడవ ఇంజను చప్పుడు దగ్గరయింది.

ఆ పడవ వేటకి వెళ్ళి రావడం లేదు. దుబాయి నుంచి వచ్చిన ధౌ అనే సరుకు ఓడ నడిసంద్రంలో ఆగితే దాని సరుకు ఎక్కించుకుని వస్తోంది. మొలలోతు నీళ్ళలోకి దిగినవాళ్ళు వరసగా నిలబడి చేతులు మారుస్తున్నారు. మీ చేతికీ ఒకటి వచ్చింది. కాన్వాసు గుడ్డతో కుట్టిన బనీను లాంటిది, చుట్టూ చిన్న చిన్న జేబులు. అందుకోగానే భుజాన్ని కిందికి లాగేసింది. ఒక్కో జేబులో పది తులాల బంగారు బిస్కెట్టు. వంద బిస్కెట్లు పట్టిన బనీను పదకొండున్నర కిలోల పైనే తూగుతుంది.

గంటలో పని అయిపోయింది. తెల్లారేలోగా లారీ బొంబాయి చేరాలి. దారిలో పోలీసు ఠాణాలున్నాయి, కస్టమ్స్ వాళ్ళున్నారు. ఈ రాత్రి ఎవరు ఏ రోడ్డు మీద ఉండకూడదో వాళ్ళకి ముందే తెలుసు. ఆ ఏర్పాటంతా చూసుకునేవాడిని లాండింగ్ ఏజెంటు అంటారు. కూలీలని పిలవడం, పడవలు మాట్లాడటం, లారీ పెట్టడం, అందాల్సినవాళ్ళకి అందించడం అతని పని. నెలకి ఇన్ని లాండింగులు, ఒక్కో దానికి ఇంత అని రేటు కుదిరి ఉంటుంది. లోపల ఏముందని ఎవరూ అడగరు. బంగారమని, లేకపోతే వెండి అని అందరికీ తెలుసు.

ఈ దారి వేసింది ఏ ముఠా నాయకుడో కాదు. 1963 జనవరిలో ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ తెచ్చిన నిబంధనలు 14 కారెట్లకి మించిన నగలు చెయ్యకూడదన్నాయి. దేశమంతటా స్వర్ణకారుల కుంపట్లు ఆరిపోయాయి, ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. 1968లో బంగారం నియంత్రణ చట్టం వచ్చింది. బిస్కెట్లు, కడ్డీలు ఇంట్లో పెట్టుకోవడమే నేరమైంది. విదేశీ మారకం చాలని దేశానికి అదొక అవసరం, కాదనను. కానీ పుస్తెలతాడు లేని పెళ్ళి చెయ్యమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? దుబాయి ధరకీ బొంబాయి ధరకీ మధ్య పెరిగిన తేడాలోంచే ఈ పడవలు, ఈ లారీలు, ఈ మౌనం పుట్టాయి. జవేరీ బజారులో కరిగిన ఆ బంగారం దేశంలో ఎన్ని ఊళ్ళకి, ఎన్ని ఇళ్ళకి చేరిందో లెక్కలేదు. 1990లో ఆ చట్టం ఎత్తేసేనాటికి ఈ దారి వయసు పాతికేళ్ళు దాటింది.

లారీ వెనకే పట్నంలోకి రండి.

క్రాఫర్డ్ మార్కెట్ దాటి మహమ్మదలీ రోడ్డు పట్టుకుంటే ఒక పక్క డోంగ్రీ, ఇంకో పక్క నాగ్‌పాడా వైపు పోయే సందులు. పాక్‌మోడియా వీధి ఇక్కడే. మసీదు మైకు, కబాబుల పొగ, చేతిబళ్ళ మీద జపాన్ ట్రాన్సిస్టర్లు, విదేశీ గడియారాలు. పదిమంది పడుకునే గదుల్లో చోటు చాలక కుర్రాళ్ళు రాత్రి రెండింటి దాకా వీధుల్లోనే ఉంటారు. ఇక్కడే 1970లలో ఇబ్రహీం కాస్కర్ అనే హెడ్ కానిస్టేబులు కాపురముండేవాడు. క్రైం బ్రాంచిలో పనిచేసినవాడు, ఇంటినిండా పిల్లలు. వాళ్ళలో ఒకడు దావూద్. చదువు మధ్యలో మానేసి, అన్న సాబిర్‌తోనూ పేటలోని స్నేహితులతోనూ తిరుగుతున్నాడు.

ఆ రోజుల్లో వాళ్ళ పని ఏమిటో చూడండి. దుకాణదారు దగ్గర వారంవారం హఫ్తా, అంటే మామూలు. పాత అద్దెకి పాతుకుపోయిన కుటుంబాన్ని బెదిరించి గది ఖాళీ చేయించడం. బాకీ వసూళ్ళు. పెద్ద స్మగ్లర్ల సరుకు దారిలో ఎవరూ కొట్టెయ్యకుండా కాపలా. ఆ పెద్దలు వేరే ఉన్నారు. రేవులో కూలీగా మొదలైన తమిళుడు హాజీ మస్తాన్. సారాతో ఎదిగిన వరదరాజన్ ముదలియార్. పఠాన్ల పెద్ద కరీం లాలా. ఎవరి వీధి వాళ్ళది, ఎవరి వ్యాపారం వాళ్ళది. ఇలాంటి ముఠాలు ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఉంటాయి. సందు చివర ఠాణాకి ఓపికుంటే అక్కడితో ఆగిపోతాయి కూడా.

1981 ఫిబ్రవరి 12. ప్రభాదేవిలో ఒక పెట్రోలు బంకు. అక్కడ ఆగిన కారులో ఉన్న సాబిర్‌ని పఠాన్ ముఠా కాల్చి చంపింది. అప్పటిదాకా బొంబాయి ముఠాలు కత్తులూ ఇనపకడ్డీలూ వాడినంతగా తుపాకులు వాడలేదు. ఇక ఏళ్ళ తరబడి శవానికి శవం. 1983 సెప్టెంబరులో సెషన్స్ కోర్టు హాల్లో బెంచీ మీద మీరు కూర్చుని ఉన్నారనుకోండి. సాబిర్ హత్య కేసులో అమీర్‌జాదా అనే పఠాన్‌ని పోలీసులు తెచ్చి నిలబెట్టారు. న్యాయమూర్తి ఎదుటే ఒక కుర్రాడు లేచి కాల్చాడు. సుపారీ, అంటే హత్యకి కిరాయి, తీసుకుని వచ్చిన కుర్రాడు. కోర్టు హాల్లో మనిషిని చంపించగలిగిన ముఠాని ఇక వీధి ముఠా అనడానికి నాకు నోరు రాదు.

అదే సమయానికి డోంగ్రీకి ఉత్తరంగా, కొద్ది మైళ్ళలోనే, ఇంకో పెద్ద నష్టం జరుగుతోంది. దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందులో మనవాళ్ళూ ఉన్నారు.

లాల్‌బాగ్, పరేల్, వర్లీ. మరాఠీవాళ్ళు గిర్ణ్‌గావ్ అని పిలుచుకునే మిల్లుల పేట. ఇక్కడి చాల్‌లలో తెలంగాణ నుంచి వలసొచ్చిన పద్మశాలీలు తరాలుగా ఉన్నారు. ఊళ్ళో మగ్గం కూడు పెట్టకపోతే రైలెక్కి వచ్చి, బొంబాయి మిల్లులో సాంచా పట్టుకున్నారు. దగ్గర్లోని కామాఠీపురా పేరు కూడా మన దగ్గర్నుంచి వెళ్ళి ఇళ్ళు కట్టే కూలీలుగా బతికిన కామాఠీల పేరే. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు కార్మికులు సమ్మెకి దిగారు. రెండున్నర లక్షల మంది. ఆ వారం ఇక్కడ నడిస్తే మొదట మీకు తెలిసేది నిశ్శబ్దం. షిఫ్టు మారిందని చెప్పే భోంగా మోగదు. పొగగొట్టాల్లోంచి పొగ రాదు. నెల తిరిగేసరికి కిరాణాకొట్టు వాడు ఖాతా ఆపేశాడు. పండగనాటికి ఆడవాళ్ళ ఒంటి మీద నగలు మార్వాడీ దగ్గరికి పోయాయి. ఏడాది దాటింది. సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు, గెలిచామనీ ఎవరూ చెప్పలేదు. చాలా మిల్లులు మళ్ళీ పూర్తిగా తెరుచుకోలేదు. కొందరు పద్మశాలీలు భివండీ పవర్‌లూమ్‌లకి పోయారు, కొందరు ఊళ్ళకి తిరిగెళ్ళారు.

వాళ్ళ పిల్లలు పోలేదు. పదహారు, పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు చాల్ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. తండ్రి తలొంచుకుని ఇంట్లో ఉంటే కొడుకు ఇంట్లో ఉండలేడు. బైకులా దగ్గర దగ్డీ చాల్‌లో అరుణ్ గావ్లీ ముఠా ఎదిగింది ఈ కుర్రాళ్ళతోనే. గావ్లీ తండ్రీ మిల్లు కార్మికుడే. ముఠాలకి కావలసింది చేతులు. రెండున్నర లక్షల ఇళ్ళలో పొయ్యి ఆరిపోతే ఆ చేతులు దొరకడం ఎంతసేపు? ఈ సమ్మె గురించి రాసేటప్పుడు చాలామంది కార్మిక నాయకుడి మొండితనం గురించి రాస్తారు. మిల్లుల కింద ఉన్న నేల విలువ ఎవరికి తెలుసో, ఆ సమ్మె అలా సాగడం ఎవరికి లాభమయిందో కూడా రాయాలి.

1980ల మధ్యకి దావూద్ దుబాయి చేరాడు. ఇక్కడ కేసులు పెరిగాయి, అక్కడ ఏ కేసూ లేదు. ఇది జరిగాకే ముఠా స్వభావం మారింది. ఇంతకుముందు పోలీసు వస్తే సందులోంచి సందులోకి పారిపోవాలి. ఇప్పుడు నాయకుడు సముద్రం అవతల ఫోను పక్కన కూర్చుంటాడు. షార్జాలో క్రికెట్ మ్యాచి జరిగితే స్టాండ్సులో కూర్చున్న అతన్ని టీవీ కెమెరాలు చూపిస్తాయి. బొంబాయిలో ఒక బిల్డరుకి ఫోను మోగుతుంది. ‘ఒక ఖోఖా’ అంటే కోటి రూపాయలు. డబ్బు హవాలాలో వెళ్ళిపోతుంది, ఏ బ్యాంకులోనూ జాడ ఉండదు. కాల్చినవాడు దొరికినా కాల్చమన్నవాడి మీద ఇక్కడి వారెంటు పనిచెయ్యదు. అప్పటి మనుషులు అన్ని మతాలవాళ్ళూ. రాజేంద్ర నికాల్జే, అందరూ ఛోటా రాజన్ అని పిలిచేవాడు, దావూద్‌కి కుడిభుజం.

1992 సెప్టెంబరు 12, తెల్లవారుజాము. జేజే ఆసుపత్రి. ఫినాయిలు వాసన, మంచాల మధ్య నేల మీద పడుకున్న బంధువులు. ఒక వార్డులో గావ్లీ ముఠా మనిషి గాయాలతో చికిత్సలో ఉన్నాడు. దావూద్ బావ ఇబ్రహీం పార్కర్‌ని జూలైలో చంపినవాళ్ళలో ఒకడు. కాపలాకి పోలీసులున్నారు. దావూద్ మనుషులు లోపలికొచ్చారు. వచ్చిన చప్పుడు రివాల్వరుది కాదు, ఏకే-47ది. మంచం మీదివాడితోపాటు కాపలా ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళు చచ్చిపోయారు. యుద్ధాల్లో వాడే తుపాకీ ధర్మాసుపత్రి వార్డులోకి వచ్చింది. అది వచ్చిన దారేమిటని ఆ రోజే గట్టిగా అడిగి ఉండాల్సింది.

మూడు నెలలకి డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చారు. ఆ డిసెంబరులోనూ తర్వాతి జనవరిలోనూ బొంబాయి తగలబడింది. రెండు విడతల అల్లర్లలో 900 మంది చనిపోయారని, అందులో 575 మంది ముస్లింలు, 275 మంది హిందువులని శ్రీకృష్ణ కమిషన్ లెక్క తేల్చింది. ఈ పేజీని తొందరగా తిప్పెయ్యడం నాకిష్టం లేదు. ఆ శవాలకి న్యాయం జరగలేదు, కమిషన్ వేలెత్తి చూపిన చాలామందికి శిక్ష పడలేదు. తర్వాత జరిగినదానికి అది సమర్థన కాదు. పగ ఎక్కడ దొరికిందో మాత్రం చెబుతుంది. పగబట్టినవాళ్ళు బొంబాయిలో ఉన్నారు, ఆయుధాలిచ్చేవాళ్ళు పాకిస్తాన్‌లో ఉన్నారు. ఇద్దరి మధ్యా దుబాయి ఉంది, దుబాయి నుంచి కొంకణానికి ముప్పై ఏళ్ళుగా నలిగిన దారి ఉంది.

1993 జనవరి 9 రాత్రి. రాయగఢ్ జిల్లా, దీఘీ రేవు. మళ్ళీ ఒడ్డు, మళ్ళీ సరుకు, లారీలోకి ఎత్తుతున్నారు. బండ్లు బయల్దేరాయి. గొండ్‌ఘర్ ఫాటా దగ్గర శ్రీవర్ధన్ పోలీసులు అడ్డం వచ్చారు.

ఇక్కడ ఆగి చూడండి. ఒక సబ్ ఇన్‌స్పెక్టరు, కొందరు కానిస్టేబుళ్ళు. లారీ ఇంజను ఆగింది. చలిరాత్రి. లోపల తుపాకులున్నాయి, గ్రెనేడ్లున్నాయి. తార్పాలిన్ ఒక మూల ఎత్తితే చాలు. ఎవరూ ఎత్తలేదు. బేరం మొదలైంది. అడిగినంత నగదు స్మగ్లర్ల దగ్గర లేదు. అయితే ఏదైనా తాకట్టు పెట్టమన్నారు. వెండి దిమ్మలు దించి పోలీసుల చేతిలో పెట్టారు. బండ్లు కదిలాయి. ఇదంతా తర్వాత కోర్టులో రుజువైంది.

ఫిబ్రవరి 3న, మళ్ళీ 7న, అదే జిల్లాలో శేఖాడీ ఒడ్డున సరుకు దిగింది. ఈసారి దాని పేరు ఆర్డీఎక్స్, పేలుడు మందు. దింపించినవాడు టైగర్ మెమన్, మాహిమ్‌లో అల్ హుసేనీ భవనంలో ఉండే స్మగ్లరు, వెండి లాండింగుల్లో చెయ్యి తిరిగినవాడు. కూలీలు పాతవాళ్ళే, లాండింగ్ ఏజెంట్లు పాతవాళ్ళే. లంచం తీసుకున్న కస్టమ్స్ అధికారులు ఎప్పటిలాగే రోడ్డు వదిలేశారు. మొదట చేతులు మారిన బంగారం బనీనుకీ ఈ మూటకీ బరువులో తేడా తెలియకపోవచ్చు. కొందరు కుర్రాళ్ళని దుబాయి మీదుగా పాకిస్తాన్‌కి పంపి తుపాకులు, పేలుడు పదార్థాలు వాడటం నేర్పించారు. అందులో ఐఎస్ఐ చెయ్యి ఉందని సుప్రీంకోర్టు 2013 తీర్పులో రాసింది. ఒక దేశపు గూఢచారి సంస్థ కొత్తగా ఇంత దారి వెయ్యాలంటే ఎన్నేళ్ళు పట్టేదో! పరాయి గడ్డ మీద పడవలు, కూలీలు, డ్రైవర్లు, చూసీ చూడని ఠాణాలు. వాళ్ళు వెయ్యలేదు. తయారుగా ఉన్నదాన్ని వాడుకున్నారు.

మార్చి 12, శుక్రవారం. మధ్యాహ్నం ఒకటిన్నర కావస్తోంది. దలాల్ వీధిలో స్టాక్ ఎక్స్ఛేంజి భవనం ముందు, శాండ్‌విచ్ బండి పక్కన మీరున్నారు. బ్రోకర్ల గుమాస్తాలు టిఫిను డబ్బాలు విప్పుకుంటున్నారు. నేల కిందనుంచి వచ్చిన దెబ్బకి మొదట చెవులు పోయాయి. బేస్‌మెంటులో ఆపిన కారు పేలింది. ఆ ఒక్క చోటే 84 మంది. అక్కణ్ణించి రెండు గంటలపాటు ఊరంతా. కథా బజారు, నారిమన్ పాయింట్‌లో ఎయిరిండియా భవనం, దాదర్‌లో పెట్రోలు బంకు, ప్లాజా సినిమా, జవేరీ బజారు, జుహూ హోటలు, విమానాశ్రయం. అన్నిటికన్నా ఘోరం వర్లీలో సెంచరీ బజారు దగ్గర. పాస్‌పోర్టు ఆఫీసు ఎదుట రోడ్డు నిండా జనం ఉన్నప్పుడు పేలింది. అటుగా పోతున్న బెస్టు బస్సు ముక్కలైంది. 113 మంది. మొత్తం 257 మంది చచ్చిపోయారు, 713 మంది గాయపడ్డారు. వర్లీలోనే రోడ్డు పక్కన వదిలేసిన ఒక మారుతి వ్యాను నంబరు పట్టుకుని పోలీసులు మాహిమ్‌లో ఆ భవనం చేరేసరికి ఇల్లు తాళం వేసి ఉంది. మెమన్లు అప్పటికే దుబాయి వెళ్ళిపోయారు. తర్వాత ఠాణే వైపు గాలించి, ఇంకా వాడని ఆర్డీఎక్స్ టన్నులకొద్దీ పట్టుకున్నారు.

జరిగిన మిగతాది కొద్ది మాటల్లోనే చెప్పొచ్చు. పేలుళ్ళ తర్వాత ముఠా మతం మీద చీలింది, ఛోటా రాజన్ విడిపోయాడు. 2000లో అతని మీద బ్యాంకాక్‌లో కాల్పులు జరిగాయి. పాక్‌మోడియా సందు పగ థాయ్‌లాండ్ దాకా వెళ్ళింది. పేలుళ్ళ కేసు నిందితుడు అబూ సలేం లిస్బన్‌లో దొరికాడు, రాజన్ 2015లో బాలిలో దొరికాడు. 2003 అక్టోబరులో అమెరికా ఖజానా శాఖ దావూద్‌ని అంతర్జాతీయ ఉగ్రవాదిగా ప్రకటించింది. అతని సరుకు రవాణా దారులు అల్ ఖైదాకీ పనికొచ్చాయన్నది వాళ్ళ ఆరోపణ. ఐక్యరాజ్య సమితి జాబితాలోకీ అతని పేరు ఎక్కింది. 2020 ఆగస్టులో పాకిస్తాన్ విడుదల చేసిన ఆంక్షల జాబితాలో కరాచీ చిరునామాతో అతని పేరుంది. అతను తమ దేశంలో లేడని మర్నాడే అదే ప్రభుత్వం అంది.

పేలుళ్ళ కేసులో విచారణకి నిలబడ్డ 123 మందిలో వందమందికి శిక్షలు పడ్డాయి. టైగర్ తమ్ముడు యాకూబ్ మెమన్‌ని 2015 జూలై 30న నాగపూర్ జైల్లో ఉరితీశారు. శిక్షపడినవాళ్ళలో కస్టమ్స్ అధికారులున్నారు, పోలీసులున్నారు. గొండ్‌ఘర్ ఫాటా దగ్గర లారీ ఆపి వదిలేసిన సబ్ ఇన్‌స్పెక్టరుకి యావజ్జీవం పడింది. ఆ రాత్రి తార్పాలిన్ ఎత్తి ఉంటే, శేఖాడీలో మొదటి మూట దిగడానికి మూడు వారాల ముందే కుట్ర బయటపడేది. మనం సినిమాలు తీసింది మాత్రం భాయ్‌ల మీద. వాళ్ళ కళ్ళద్దాలు, వాళ్ళ సిగరెట్టు, వాళ్ళ నడక మనకి కంఠస్థం. ఆ తార్పాలిన్ ఎవరికి గుర్తుంది?

ఇది బొంబాయి గొడవ, పాత గొడవ అనుకోవద్దు. 2021 సెప్టెంబరులో గుజరాత్ ముంద్రా రేవులో రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు రెండు కంటైనర్లు తెరిచారు. టాల్క్ రాయి అని కాగితాల్లో రాసి ఉంది. లోపల 2,988 కిలోల హెరాయిన్ ఉంది. అఫ్గానిస్తాన్ నుంచి ఇరాన్ రేవు మీదుగా వచ్చింది. ఆ సరుకు తెప్పించుకున్నట్టు చూపిన సంస్థ చిరునామా విజయవాడలో ఉంది. ఈసారి అధికారులు తలుపు తెరిచి చూశారు, అందుకే మనకి తెలిసింది. మీ ఊరి చెక్‌పోస్టు దగ్గర ఏ బండి ఆగకుండా పోతోందో మీకు తెలిస్తే ఊరుకోకండి. అది ఇసుకే కావచ్చు, రేషన్ బియ్యమే కావచ్చు. ఎవరు వదిలేస్తున్నారని పేరుపెట్టి, రాతపూర్వకంగా అడగండి.